ఎక్సెల్ షీటా, సాధారణ సీఆర్‌ఎమ్మా, సలహాదారుల సీఆర్‌ఎమ్మా: ఏది మేలు?

క్లయింట్ల వివరాలు భద్రపరచుకోవడానికి ఆర్థిక సలహాదారు ముందు ప్రధానంగా మూడు దారులున్నాయి. ఒకటి ఎక్సెల్ షీట్. రెండోది సేల్స్‌ఫోర్స్, హబ్‌స్పాట్ వంటి, ఏ వ్యాపారానికైనా పనికొచ్చే సీఆర్‌ఎం, అంటే క్లయింట్ల వివరాలను, వారితో జరిగిన సంభాషణలను, చేయాల్సిన పనులను ఒకేచోట ఉంచే సాఫ్ట్‌వేర్. మూడోది రెడ్‌టెయిల్, వెల్త్‌బాక్స్ వంటి, ఈ వృత్తి కోసమే తయారైన సీఆర్‌ఎం. ఫీచర్ల పట్టికలు చూసి వీటిలో ఒకదాన్ని ఎంచుకోవడం వృథా ప్రయాస. క్లయింటు ఫోన్ చేసినప్పుడు, కిందటిసారి ఏం మాట్లాడామో, ఏం చేస్తామని మాటిచ్చామో, ఆ పని ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో వెంటనే కనబడుతుందా లేదా అన్నదే అసలు పరీక్ష.

ఎక్సెల్‌ను చిన్నచూపు చూడనక్కర్లేదు. ఒంటరిగా పనిచేస్తూ కొద్దిమంది క్లయింట్లనే చూసుకునేవారికి అది చాలు. ఆఫీసులో రెండో మనిషి చేరగానే చిక్కు మొదలవుతుంది: ఒకే ఫైలుకు మూడు ప్రతులు తయారవుతాయి, పాత వివరం మీద కొత్తది పడి చెరిగిపోతుంది, గడువు దాటిన పనిని గుర్తుచేసేవారుండరు. అమెరికాలో పెట్టుబడుల మార్కెట్ల నియంత్రణ సంస్థ అయిన ఎస్‌ఈసీ వద్ద నమోదైన సలహాదారులు చాలా రకాల రికార్డులను కనీసం 5 ఏళ్లు ఉంచాలి. 2018లో అమల్లోకి వచ్చిన ఐరోపా పెట్టుబడి సేవల నిబంధనలైన మిఫిడ్-2 ప్రకారం ఆర్డర్లకు సంబంధించిన ఫోన్ సంభాషణలను 5 ఏళ్లు, నియంత్రణ సంస్థ కోరితే 7 ఏళ్లు దాచాలి. చెరిపి రాసుకునే షీట్ అలాంటి తనిఖీలో నిలబడడం కష్టం.

సాధారణ సీఆర్‌ఎం పుట్టింది అమ్మకాల కోసం. లీడ్ (కొనే అవకాశమున్న వ్యక్తి) డీల్‌గా మారి ముగిసిందంటే దాని దృష్టిలో పని పూర్తయినట్టే. సలహాదారుకు మాత్రం అసలు పని అక్కడే మొదలవుతుంది. భార్యాభర్తలు, పిల్లలు, వారి ట్రస్టు కలిపి ఒకే కుటుంబమని దానికి విడమరిచి నేర్పాలి. నేర్పవచ్చు, కానీ ఆ మార్పులను ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. అది పెద్ద సంస్థలకే సాధ్యం.

చిన్న, మధ్యస్థాయి సంస్థలకు నా ఓటు మూడోదానికే. ఒక క్లయింటు మరణించిన సందర్భాన్నే తీసుకోండి. ముందే సిద్ధం చేసిన వర్క్‌ఫ్లోను (పనుల వరుసను) మొదలుపెడితే మరణ ధ్రువీకరణ పత్రం తీసుకోవడం, జాయింట్ ఖాతాల్లో పేర్లు మార్చడం, నామినీతో మాట్లాడడం, పుట్టినరోజు శుభాకాంక్షల మెయిల్ ఆపడం వంటి పనులన్నీ బాధ్యుల పేర్లతో, గడువులతో వరుసగా వస్తాయి. ఆ చివరి పని ఒక్కటి మరిచిపోతే ఆ కుటుంబం ముందు తలెత్తుకోలేం.

ఇందులోనూ ఒక జాగ్రత్త అవసరం. ఈ కంపెనీలు చేతులు మారుతుంటాయి. రెడ్‌టెయిల్ 2022లో, సలహాదారులకు సాఫ్ట్‌వేర్ అందించే ఓరియన్ అనే కంపెనీ చేతికి వెళ్లింది. అందుకే కొనేముందే నోట్సు, జత చేసిన పత్రాలతో సహా మొత్తం డేటాను బయటికి తీసుకునే వీలుందా అని అడగాలి.

ఏది కొన్నా, చాలా ఆఫీసుల్లో అది ఖరీదైన చిరునామాల పుస్తకంగానే మిగిలిపోతుంది. ‘మీటింగ్ బాగా జరిగింది’ అన్న నోటు ఎవరికీ పనికిరాదు. ‘పెద్దమ్మాయి చదువుకు వచ్చే జూన్‌లో డబ్బు కావాలి, అప్పటిదాకా ఈక్విటీలో కొత్తగా పెట్టవద్దన్నారు, ఏప్రిల్‌లో మళ్లీ మాట్లాడాలి’ అని అదే రోజు రాసి, ఆ ఏప్రిల్ పనికి రిమైండర్ పెట్టి ఒకరికి అప్పగిస్తే, తర్వాత ఫోన్ ఎవరు ఎత్తినా సంభాషణ ఆగిన చోటినుంచే సాగుతుంది. ఈ అలవాటు లేని ఆఫీసు కొత్త సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టేముందు, ఉన్న షీట్‌లోనే ఒక త్రైమాసికం పాటు ఇలా రాసి చూడడం మేలు.