వెనక చక్రాల అలైన్‌మెంట్: ఇంట్లో దారంతోనా, షాపులో మెషీన్ మీదా?

ముందు కారు కిందికి వంగి చూడండి. స్విఫ్ట్, ఐ20 లాంటి వాటిలో వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే అడ్డ దూలం) ఉంటుంది. అందులో తిప్పడానికి బోల్టే ఉండదు. కొలత తేడా వస్తే బీమ్ వంగిందేమో, బుష్ (కీలు దగ్గరి రబ్బరు) పోయిందేమో చూడాలి. మల్టీలింక్ (ఒక్కో చక్రాన్ని విడిగా పట్టుకునే కొన్ని కడ్డీలు) ఉంటేనే ఈ పోలిక.

ఖర్చు: ఇంట్లో నైలాన్ దారం, అది కట్టే స్టాండ్లు, స్టీల్ స్కేలు చాలు. షాపులో ప్రతిసారీ బిల్లు.

శ్రమ: ఇంట్లో సగం పూట. కారుకు రెండు పక్కలా చక్రం మధ్య ఎత్తులో దారం కట్టాలి. హబ్ (చక్రం నడిమి భాగం) నుంచి దారానికి దూరం కుడి ఎడమల సమానం కావాలి. ముందు వెనకల సమానం కానక్కర్లేదు, ట్రాక్ వెడల్పు (ఎడమ కుడి చక్రాల మధ్య దూరం) వేరు కదా. తర్వాత రిమ్ ముందు అంచు, వెనక అంచు దారానికి ఎంత దూరమో కొలవాలి. ఆ తేడాయే టో, అంటే పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండటం. 15 అంగుళాల రిమ్ మీద 1 మి.మీ. తేడా అంటే దాదాపు 0.15 డిగ్రీ.

రిస్క్: క్యామ్ బోల్టు (తిప్పితే చక్రం కోణం మార్చే బోల్టు) తిప్పేముందు పాత స్థానం మార్కర్‌తో గీసుకోండి. జాకీ మీద బిగిస్తే కారు దించగానే కొలత మారిపోతుంది. వెనక రెండు చక్రాలూ ఒకేవైపు తిరిగి ఉంటే స్టీరింగ్ వంకరగా ఉంచితేనే బండి నేరుగా పోతుంది.

టో మాత్రమే సరిచేయాలంటే, చదునైన నేల ఉంటే, దారం చాలు. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలడం) కూడా తేడాగా ఉన్నా, గుంతలో గట్టిగా పడినా నాలుగు చక్రాల మెషీన్‌కే వెళ్లండి.