లవంగ నూనె కొనేముందు ఒక చుక్క నీళ్లలో వేసి చూడండి

ఫీల్డులో చేపలకు మత్తిచ్చి కొలతలు తీసేవాళ్లు, ట్యాగులు వేసేవాళ్లు ఇది తప్పక చదవండి. పోయిన నెల కైకలూరు దగ్గర ఒక చెరువులో నా చేతుల మీదుగా పదకొండు శీలావతులు పోయాయి.

చేపలకు మత్తిచ్చే పొడి ఎంఎస్-222 తెప్పించుకునే బడ్జెట్ మాకు లేదు. దాని బదులు మత్తుకి ఆన్‌లైన్‌లో ‘100 శాతం స్వచ్ఛం’ అని రాసున్న లవంగ నూనె అర లీటరు తీసుకున్నాను. రేటు మిగతావాటిలో సగం కూడా లేదు. అక్కడే అనుమానం రావాల్సింది.

మామూలుగా ఒక వంతు నూనెకి తొమ్మిది వంతుల ఇథనాల్ కలిపి ఉంచుకుంటాం. 20 లీటర్ల టబ్బులో అది 8 మిల్లీలీటర్లు పోస్తే లీటరుకు సుమారు 40 మిల్లీగ్రాములు పడుతుంది. కొద్ది నిమిషాల్లో చేప ఒరిగిపోవాలి. పది నిమిషాలైనా మావి తోక కొడుతూనే ఉన్నాయి. టెన్షన్‌లో ఇంకో 8, తర్వాత మరో 8 పోశాం. ఆ తప్పు నాదే. నీళ్ల మీద జిడ్డు తెట్టె కట్టి మొప్పలకు అంటుకుంది. మంచినీళ్లలోకి మార్చి ఎంతసేపు చూసినా మొప్ప ఆడలేదు.

ల్యాబ్‌కి వచ్చాక గ్లాసులో చుక్క వేశాను. లవంగ నూనె నీటికన్నా బరువు, అడుక్కి దిగాలి. ఇది పైనే పరుచుకుని తేలింది. ఇథనాల్‌లో తేటగా కరగాలి, ఇది మజ్జిగలా తెల్లబడింది. ఆ రోజు తెల్లవారుజామున జీపులో, చీకట్లో కలిపి కుదిపేశాను, చూసుకోలేదు. వాసన మాత్రం పళ్ల డాక్టరు గదిలా ఘాటుగానే ఉంది, దాన్ని నమ్మకండి.

యూజినాల్ (లవంగ నూనెలో మత్తిచ్చే పదార్థం) శాతం, బ్యాచ్ నంబరు ఉన్న ల్యాబ్ రిపోర్టు అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి. మంచి నూనె దొరికినా ముందు అదే చెరువు నీళ్లలో రెండు చేపల మీద చూడండి, నీటి వేడిని బట్టి మత్తు మారుతుంది. ఎంఎస్-222 వాడేవాళ్లు వంటసోడా మర్చిపోకండి. ఎంఎస్-222 నీటిని ఆమ్లంగా మారుస్తుంది, మామూలుగా దాని బరువుకి రెట్టింపు సోడా వేస్తారు.

చచ్చినవాటిని చూసి చెరువు కాపలాదారు, ‘ఇచ్చేయండి మేడమ్, పులుసు పెట్టుకుంటాం’ అన్నాడు. ఇవ్వలేదు, గట్టు మీద గొయ్యి తీసి పూడ్చాం. అమెరికాలో ఎంఎస్-222 ఇచ్చిన చేపనే 21 రోజుల దాకా తినకూడదంటారు. మా సీసాలో ఉన్నది ఏ నూనో ఎవరికి తెలుసు?

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపాను. ‘సీల్ తీసిన సీసా వెనక్కి తీసుకోం’ అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. స్టిక్కర్ మీద బ్యాచ్ నంబరు ఏదని అడిగితే దానికి ఇంతవరకూ పలకలేదు.