నైట్ డ్యూటీ చేసేవాళ్ళకు బ్లాకౌట్ కర్టెన్లు: మూడు నెలలు వాడాక

నేను బరంపురంలో ఒక నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుని. నెలకు పది నైట్లు పడతాయి. పొద్దున ఎనిమిదికి డ్యూటీ దిగి, ఇంత తిని పడుకునేసరికి తొమ్మిదిన్నర. మా పడకగది కిటికీ తూర్పుకి. సరిగ్గా ఆ టైముకే ఎండ మొహం మీద పడుతుంది.

బడా బజారులో ఒక కర్టెన్ల కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన ఫోన్ టార్చి వెలిగించి ఒక్కో బట్ట వెనక పెట్టి చూపించాడు. మామూలు దళసరి బట్టలో వెలుగు ఎర్రగా మసకగా కనిపించింది. ఇంకోదాంట్లో చుక్క కూడా రాలేదు. "ఇది మూడు పొరల నేత అమ్మా, మధ్యలో నల్లదారం" అన్నాడు. మీటరు 320 రూపాయలు, కుట్టుకూలి వేరు. తీసుకున్నాను.

కర్టెన్‌కి ఇంత ఖర్చెందుకని మా వారు అడిగారు. నిద్ర కోసం మాత్రమే కాదు. రిచర్డ్ స్టీవెన్స్ అని అమెరికా ఎపిడెమియాలజిస్టు (జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తాయో పరిశోధించేవారు) గురించి చదివినప్పటి నుంచి నాకు వెలుతురంటే పట్టింపు. పారిశ్రామిక దేశాల్లో రొమ్ము క్యాన్సర్ ఎందుకెక్కువ అన్నది ఆయన ప్రశ్న. తిండిలో కొవ్వు వల్లేనని అప్పట్లో చాలామంది నమ్మేవారు, కానీ లెక్క కుదరలేదు. ఒకనాడు అర్ధరాత్రి మెలకువ వచ్చి చూస్తే వీధిదీపం వెలుగు గదినిండా ఉందట. చీకట్లో ఒంట్లో తయారయ్యే మెలటోనిన్ అనే హార్మోన్‌ని రాత్రి కరెంటు వెలుతురు తగ్గించడం ఒక కారణం కావచ్చని 1987లో రాశారు. దశాబ్దాలపాటు ఆ దారి వదల్లేదు.

2001లో అమెరికా నర్సుల మీద వచ్చిన అధ్యయనం మా గురించే రాసినట్టుంటుంది. నెలకు కనీసం మూడు నైట్లు చొప్పున 30 ఏళ్ళకు పైగా చేసినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ 36 శాతం ఎక్కువ కనిపించింది. తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన ఏజెన్సీ 2007లో శరీర గడియారాన్ని చెడగొట్టే షిఫ్టు పనిని "బహుశా క్యాన్సర్ కారకం" అనే 2ఏ వర్గంలో పెట్టింది. 2019లో మళ్ళీ పరిశీలించి నైట్ షిఫ్టును అక్కడే ఉంచింది. తోటి నర్సులకు ఇది చెప్పకుండా ఉండలేను.

రాత్రి రెండింటికి వార్డులో వెలిగే లైట్లని ఈ కర్టెన్ ఆపలేదు. డ్యూటీ మారదు. కానీ ఇంతకుముందు నాలుగు గంటలకే తెగిపోయే నిద్ర ఇప్పుడు ఆరు, ఆరున్నర గంటలు వస్తోంది. సెలవు రాత్రుల్లో మా గేటు ముందరి ఎల్‌ఈడీ దీపం కూడా లోపలికి రాదు.

లోపాలున్నాయి. రింగులు పెట్టి కుట్టించాను, అది పొరపాటు. రాడ్డు పైనుంచి వెలుగు దారంలా వచ్చి ఎదుటి గోడ మీద పడుతోంది. పక్కల్లో వెల్‌క్రో కుట్టి గోడకి అంటించుకున్నాక ఆ వైపు ఆగింది. పైది ఇంకా వస్తోంది. వేసవిలో గాలి ఆడదు, ఫ్యాను చాలదు, మధ్యాహ్నం చెమటతో లేచిన రోజులున్నాయి. కూలర్ లేనివాళ్ళు ముందే ఆలోచించుకోండి.

కొలత ఇచ్చేటప్పుడు కిటికీకి ఇవ్వొద్దు. రెండు పక్కలా జానెడు, పైన జానెడు కలిపి గోడకి ఇవ్వండి.