ఒక్క రూపాయికి ఎమ్మెల్యే ఖర్చుల పుస్తకం: అయిదుకి మూడు మార్కులు

హనుమకొండలో పంతొమ్మిదేళ్లుగా టెంట్ హౌస్ నడుపుతున్నాను. పెళ్లి ముహూర్తాలు లేని నెలల్లో మమ్మల్ని బతికించేది ఎలక్షన్లే. 2023 నవంబరు అసెంబ్లీ ఎన్నికల్లో నా కుర్చీలు తిరగని ఊరు లేదు. కిరాయి డబ్బులన్నీ వచ్చాయి కాబట్టి నాకు ఎవరి మీదా కోపం లేదు. కానీ గెలిచినాయన తన ఖర్చుల లెక్క దాఖలు చేశాడని తెలిసినప్పటి నుంచి ఒకటే దురద. అందులో నా కుర్చీలు ఎన్ని ఉన్నాయో చూడాలి.

ఆ లెక్క ఎవరైనా చూడొచ్చు. ఎన్నికల నిర్వహణ నియమాలు, 1961లో 88వ రూల్ ఉంది. జిల్లా ఎన్నికల అధికారి ఆఫీసులో ఫీజు కడితే పుస్తకం ముందు పెట్టాలి. ఫీజు ఒక్క రూపాయి.

ఏ కలెక్టరేటో, ఏ నియోజకవర్గమో రాయను. మళ్లీ ఎలక్షన్లు వస్తాయి, మళ్లీ వాళ్లకే షామియానా వేయాలి.

2024 జనవరి మొదటి వారంలో వెళ్లాను. "సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుకో" అన్నారు. జేబులోంచి రూల్ ప్రింటు తీసి ఇచ్చాను. సెక్షన్‌లో పెద్దాయన కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, "రూపాయా? రూపాయికి రసీదు ఎట్ల రాయాలె సేటూ?" అన్నాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది. కానీ ఆ బిళ్ల తీసుకోవడానికి ఆయనకు ధైర్యం చాలలేదు, పై సారు లీవులో ఉన్నాడు. మర్నాడు రమ్మంటే వెళ్లాను, రసీదు పుస్తకం బీరువాలో ఉంది, బీరువా తాళం ఇంకొకాయన దగ్గర ఉంది. మూడో రోజు పనయింది. రూపాయి ఫీజుకు రెండు వందల పెట్రోలు. రెండు మార్కులు అక్కడే పోయాయి.

లెక్క అందిన రెండు రోజుల్లో దాన్ని ఎక్కడ, ఎప్పుడు చూడొచ్చో నోటీసు బోర్డు మీద పెట్టాలి. పెట్టారు, అబద్ధం చెప్పకూడదు. దాని మీద ఏదో టెండరు నోటీసు అంటించారు, అంతే.

పుస్తకం చేతికొచ్చాక మాత్రం టైం తెలియలేదు. తెల్ల పేజీల్లో రోజువారీ ఖర్చు, గులాబీ పేజీల్లో నగదు, పసుపు పేజీల్లో బ్యాంకు లెక్క. ఓచర్ల కట్టలో నా షాపు ముద్ర సిరా అలుక్కుపోయి కనబడితే, ఎక్కడో పోయిన చెప్పు దొరికినట్టు అనిపించింది. ఎలక్షన్ మొత్తంలో ఒకరికి పదివేలకు మించి నగదు ఇవ్వకూడదట. అలవాటు ప్రకారం నేను నగదు అడిగితే వాళ్ల అకౌంటెంటు దండం పెట్టి చెక్కు ఎందుకిచ్చాడో అప్పుడు అర్థమైంది.

పెద్ద సభకు నేను వేసినవి 1,200 కుర్చీలు. పుస్తకంలో 400. దొంగ దొరికాడనుకుని పెద్దాయనకు వేలు పెట్టి చూపించాను. ఆయన తాపీగా, "ఆ రోజు డయాస్ మీద ముగ్గురు క్యాండిడేట్లున్నరు గద. ఖర్చు మూడు పాళ్లయితది" అన్నాడు. పెద్ద నాయకుడు వచ్చిన సభలో క్యాండిడేటు డయాస్ ఎక్కకుండా, ఫొటో పెట్టకుండా ఉంటే అది పార్టీ ఖాతాలోకి పోతుందట. ఒకట్రెండు సభల్లో మా క్యాండిడేటు మెట్ల దగ్గరే నిలబడిపోతే, పాపం మొహమాటస్తుడు అనుకున్నాను నేను.

అసెంబ్లీకి ఒక్కో క్యాండిడేటు ఖర్చు పరిమితి 40 లక్షలు. 2022 జనవరికి ముందు 30.80 లక్షలు ఉండేది. ఈయన లెక్క ఆ గీతకు చాలా కిందే ఆగింది.

లెక్క ఇవ్వడానికి ఫలితం వచ్చాక 30 రోజులు గడువు. ఎన్నిక చెల్లదని హైకోర్టుకు వెళ్లాలంటే 45 రోజులు. ఫలితాలు డిసెంబరు 3న వచ్చాయి. గెలిచినాయన చివరి రోజు, అంటే జనవరి 2న లెక్క ఇస్తే, ఓడినాయనకు దాన్ని తిరగేయడానికి మిగిలేది పదిహేను రోజులే. అందులో సంక్రాంతి ఒకటి. కేసు వేసినా, ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది గానీ, కొత్తగూడెం 2018 ఎన్నిక తప్పుడు అఫిడవిట్ వల్ల చెల్లదని హైకోర్టు చెప్పేసరికి 2023 జులై వచ్చింది. అక్కడ గెలిచిన వనమా వెంకటేశ్వరరావు సుప్రీంకోర్టులో స్టే తెచ్చుకున్నారు, ఈలోపు మళ్లీ ఎన్నికలే వచ్చేశాయి. ధర్మపురిలో అదే 2018 ఎన్నికలో 441 ఓట్ల తేడా మీద కేసు నడిచి, 2023 ఏప్రిల్‌లో ఎన్నికల సామాను దాచిన స్ట్రాంగ్ రూమ్ తెరవబోతే తాళంచెవులు దొరకలేదు. మా ఇంట్లో బీరువా తాళం కనబడకపోతే ఇప్పటికీ మా ఆవిడ "ధర్మపురి అయింది" అంటుంది. వేములవాడ అప్పటి ఎమ్మెల్యే భారత పౌరుడా కాదా అన్న కేసు జోలికి పోను, ఈ రివ్యూ ముగియదు.

వెళ్లేవాళ్లు రూల్ ప్రింటు, రూపాయి బిళ్ల తీసుకెళ్లండి. పది నోటు ఇస్తే చిల్లర లేదంటారు. అటెస్ట్ చేసిన కాపీలకు వేరే ఫీజు ఉంది. నన్ను ఫోనుతో ఫొటో తీయనివ్వలేదు, నోట్‌బుక్కులో రాసుకోనిచ్చారు. ఫ్యాను కింద కుర్చీ వేసి, చాయ్ కూడా తెప్పించారు. మూడు మార్కులు దానికీ, ఆ పెద్దాయన ఓపికకూ.

పుస్తకంలో ఎంత వెతికినా దొరకనిది ఒకటుంది. పోలింగుకు పది రోజుల ముందు ఫంక్షన్ హాల్లో జరిగిన ఆత్మీయ సమ్మేళనం. ఎనిమిది వందల కుర్చీలు, కూలర్లు, గ్రీన్ మ్యాట్, రెండు డీసీఎం వ్యాన్ల సామాను. మటన్ భోజనాల మీద వచ్చిన ఈగలు కూడా నాకు గుర్తున్నాయి. ఆ బిల్లు కుల సంఘం పేరు మీద రాయమన్నారు. రాసింది నేనే, మా అబ్బాయికి అప్పగించకుండా, నా చేత్తోనే.

పుస్తకం మూసి ఇచ్చేస్తుంటే పెద్దాయన అడిగాడు, "అన్నీ ఉన్నయా సేటూ?"

ఉన్నయన్నాను.