హాన్ లీ, షియావ్ యాన్: చైనా కల్టివేషన్ నవలల్లో మొదట ఎవరి కథ పట్టుకోవాలి?

కల్టివేషన్ నవలలంటే సాధనతో మెట్టు మెట్టుగా శక్తి పెంచుకుని అమరత్వం వైపు వెళ్లేవాళ్ల కథలు. ఇలాంటి చైనా ఫాంటసీ వెబ్ నవలలు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఎక్కువగా వినిపించే పేర్లు రెండు. ఒకటి 'బ్యాటిల్ త్రూ ద హెవెన్స్', షియావ్ యాన్ కథ. రెండోది 'ఎ రికార్డ్ ఆఫ్ ఎ మోర్టల్స్ జర్నీ టు ఇమ్మోర్టాలిటీ', హాన్ లీ కథ. రెండూ చిదియెన్ అనే చైనా సైటులో సీరియల్‌గా వచ్చినవే. హాన్ లీ 2008లో మొదలైతే షియావ్ యాన్ 2009లో వచ్చాడు. హాన్ లీ కథ రెండు వేల అధ్యాయాలు దాటింది, షియావ్ యాన్‌ది పదహారు వందలు. ఇంత పొడవు కథలోకి దిగే ముందు ఏది మేలో తేల్చుకోవడం అవసరమే. నా ఓటు హాన్ లీకి. అయితే షియావ్ యాన్‌ను తీసిపారేయడానికి లేదు, మొదలుపెట్టడంలో అతన్ని మించినవాడు లేడు.

షియావ్ యాన్ పదకొండేళ్లకే యోధుడి స్థాయి అందుకున్న పిల్లవాడు. వంశమంతా వాణ్ణి చూసి మురిసిపోయింది. ఉన్నట్టుండి ఒంట్లో శక్తి ఇంకిపోవడం మొదలైంది. పదిహేనేళ్లు వచ్చేసరికి పరీక్ష రాయి మీద చెయ్యి పెడితే 'మూడో మెట్టు' అని వెలుగుతుంది, చుట్టూ నవ్వులు. అది చాలదన్నట్టు, పెద్దలు ఎప్పుడో కుదిర్చిన సంబంధం వద్దని చెప్పడానికి నలన్ యాన్‌రాన్ స్వయంగా ఇంటికి వస్తుంది, తండ్రి ముందు, వంశం పెద్దలందరి ముందు. అప్పుడా కుర్రాడు తానే విడాకుల పత్రం రాసి ఆమె చేతిలో పెడతాడు. మూడేళ్ల తర్వాత మీ గురుపీఠానికే వచ్చి తలపడతానంటాడు. నిండు సభలో అవమానం, వెంటనే శపథం, ఆ శపథం తీరే రోజు కోసం ఎదురుచూపు. భారతం విని పెరిగినవాళ్లకు ఈ అల్లిక ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. తల్లి వదిలి వెళ్లిన ఉంగరంలో ఒక ముసలి గురువు ఆత్మ ఉందని, ఇన్నాళ్లూ శక్తి పీల్చుకున్నది ఆయనేనని తెలిసే ఘట్టం కూడా అంతే బిగువుగా ఉంటుంది.

ఇబ్బంది ఆ మూడేళ్ల గడువు తీరాక మొదలవుతుంది. షియావ్ యాన్ కొత్త ఊరికి వెళ్తాడు. అక్కడివాళ్లు అతన్ని చులకన చేస్తారు. అతను ఒంట్లోకి తీసుకుంటే శక్తి పెంచే అరుదైన మంటల్లో ఇంకొకదాన్ని సంపాదించి వాళ్ల నోళ్లు మూయిస్తాడు. ఆపైన ఇంకా పెద్ద చోటు, ఇంకా పెద్ద వంశాలు, మళ్లీ అదే చులకన. మొదట్లో దేవుళ్లలా కనిపించిన స్థాయివాళ్లు చివరికి గుంపులో లెక్కకు రానివాళ్లవుతారు. పొగరుబోతుల ముఖం మాడిపోవడం చూడటంలో సుఖం ఉంది, కాదనను. పని నుంచి అలిసిపోయి వచ్చి పది అధ్యాయాలు గబగబా చదివేయడానికి ఇంతకంటే మంచి కథ దొరకడం కష్టం. కానీ ఆ సుఖం ప్రతిసారీ కొంచెం పలచబడుతుంది.

దీనికి రచయిత ఒక్కణ్ణే తప్పుపట్టలేం. చిదియెన్‌లో 2003 నుంచి పాఠకుడు వెయ్యి అక్షరాలకు ఇంతని కట్టి చదివే పద్ధతి వచ్చింది. రచయిత రోజూ రాయాలి, ప్రతి అధ్యాయం తర్వాతిదాన్ని కొనిపించాలి. మన వారపత్రికల సీరియళ్లు కూడా తర్వాత ఏమవుతుందో అనిపించే కొక్కెం దగ్గరే ఆగేవి, కాకపోతే వాటికి వారం గడువు ఉండేది. రోజూ కొక్కెం వేయాల్సినవాడికి తేలిగ్గా దొరికేది అవమానమూ ప్రతీకారమే.

హాన్ లీ కథ కూడా ఆ పద్ధతిలోనే, ఆ ఒత్తిడిలోనే వచ్చింది. అయినా అది ఎంచుకున్న కొక్కెం వేరు. ఇతను పల్లెటూరి పేద పిల్లవాడు. ప్రతిభ లేదు, పోగొట్టుకోవడానికి పాత కీర్తి కూడా లేదు. సాధనకు పుట్టుకతో వచ్చే ఆధారమైన మూలం కూడా నాలుగు ధాతువులు కలగాపులగంగా ఉన్న నాసిరకం. అతనికి దొరికిన అదృష్టమల్లా ఒక చిన్న ఆకుపచ్చ సీసా. అందులో ఊరే ద్రవం పోస్తే మూలికలు ఏళ్లకు ఏళ్లు ముదిరిపోతాయి. సీసా ఉన్నంత మాత్రాన దారి తెరుచుకోదు. అది తన దగ్గరుందని ఎవరికైనా తెలిస్తే ప్రాణం దక్కదు కాబట్టి, ప్రతి మూలిక అమ్మేటప్పుడూ అనుమానం రాకుండా లెక్క చూసుకోవాలి.

నాకు బాగా నచ్చిన ఘట్టం యుద్ధం కాదు. హువాంగ్‌ఫెంగ్ లోయ అనే గురుపీఠంలో అతను కొత్తగా చేరినప్పుడు, తర్వాతి స్థాయికి వెళ్లడానికి కావాల్సిన మాత్ర ఒకటి అతనికి న్యాయంగా రావాలి. అక్కడ పై స్థాయివాడు ఒకడు దాన్ని తన మనిషికి ఇప్పించుకోవాలని చూస్తాడు. షియావ్ యాన్ అయితే అక్కడ శపథం చేసేవాడు. హాన్ లీ తన బలం ఎంతో, ఎదుటివాడి బలం ఎంతో చూసుకుని మారుమాట లేకుండా వదులుకుంటాడు. బదులుగా ఎవరికీ అక్కర్లేని మూలికల తోట పని తీసుకుంటాడు. సీసా ఉన్నవాడికి తోట ఎందుకో మనకు తెలుసు, లోయలో ఎవరికీ తెలియదు. ఆ ఒక్క రహస్యం మనల్ని అతని పక్షాన నిలబెడుతుంది. గెలవలేనని తోస్తే పారిపోతాడు కూడా. చైనా పాఠకులు ముద్దుగా 'పరుగుల హాన్' అని పేరు పెట్టారంటే ఎన్నిసార్లు పారిపోయాడో అనుకోండి.

మన పురాణాల్లో తపస్సు పండితే దేవుడు ప్రత్యక్షమై వరమిస్తాడు. చెడగొట్టడానికి ఇంద్రుడు అప్సరసల్ని పంపుతాడు. ఈ చైనా కథల్లో పెద్ద మెట్టు దాటేవాడి మీదికి ఆకాశం పిడుగుల్ని పంపుతుంది. వరమిచ్చేవాడు మాత్రం ఎవరూ లేరు. మూలిక, మాత్ర, శక్తి నిండిన రాయి, ఒక్కొక్కటీ మనిషే సమకూర్చుకోవాలి. ఈ రకం నవలల్లో నన్ను కట్టిపడేసేది ఇదే. పైకి వెళ్లడం కంటే, ప్రతి మెట్టుకూ ఎంత చెల్లించాడో తెలియడం. షియావ్ యాన్ కథలో ఆ వెల అప్పుడప్పుడు కనిపిస్తుంది, హాన్ లీ కథలో పేజీ పేజీకీ కనిపిస్తుంది. అందుకే అతను ఒక స్థాయి దాటితే మనమే దాటినంత తృప్తి.

హాన్ లీ కథలోనూ లోట్లున్నాయి. నడక నెమ్మది. మధ్యలో కొత్త దేశాలు, కొత్త పేర్లు వచ్చి పడి, పాతవాళ్లు వందల అధ్యాయాల పాటు మాయమవుతారు. ఆడవాళ్ల పాత్రలు రెండు నవలల్లోనూ బలహీనమే. నలన్ యాన్‌రాన్ లాంటి గట్టి పాత్రను కూడా హీరో గెలుపుకు మెట్టుగా వాడేయడం నాకు బాధ కలిగిస్తుంది.

రెండింటికీ యానిమేషన్ సిరీస్‌లు వచ్చాయి, 2017లో షియావ్ యాన్‌ది, 2020లో హాన్ లీది. పోరాటాలు తెర మీద చూస్తేనే బాగుంటాయనిపిస్తే షియావ్ యాన్‌ను అక్కడే చూసేయొచ్చు. హాన్ లీని మాత్రం చదవాలి, అతని రుచి అంతా తలలో వేసుకునే లెక్కల్లో ఉంది. మెషీన్ అనువాదాల జోలికి పోకండి. అందులో ఎవరు ఎవరిని కొట్టారో కూడా తెలియదు.

గురుపీఠాలు, మాత్రలు, పిడుగులు అసలే వద్దనుకునేవాళ్లకు 2018 నుంచి 2020 దాకా వచ్చిన 'లార్డ్ ఆఫ్ ద మిస్టరీస్' ఉంది. ఆవిరి యంత్రాల కాలపు పట్నాలు, టారో కార్డుల పేర్లతో నడిచే రహస్య సమావేశాలు, తాగిన మందుకు తగ్గట్టు నటిస్తూ బతికితేనే ఒంటబట్టే శక్తులు. కథ ముడి బిగించడంలో పై రెండింటి కంటే ఇదే గట్టిది. ఊరూ లోకమూ అర్థమయ్యేదాకా ఓపిక పట్టాలి, అంతే.

హాన్ లీతో మొదలుపెడితే మో వైద్యుడి ఘట్టం పూర్తయ్యేదాకా ఆపకండి. వైద్యం నేర్పుతానని చేరదీసిన గురువు ఆ కుర్రాడి ఒంటి మీద ఎందుకు కన్నేశాడో అక్కడ బయటపడుతుంది. అది చదివాక కూడా మనసు లాగకపోతే మిగతా రెండు వేల అధ్యాయాలూ మీకోసం కావు, నిశ్చింతగా షియావ్ యాన్ దగ్గరికి వెళ్లిపోండి.