వార్మప్‌కూ రేసుకూ మధ్య వేళ కోసం: ఫ్లీస్ అస్తరు ఉన్న స్విమ్ పార్కా సమీక్ష

ఈత పోటీకి ముందు నీళ్లలో ఎన్ని మీటర్లు ఈదాలి, ఎన్ని స్ప్రింట్లు తీయాలి, స్టార్టింగ్ బ్లాక్ మీది నుంచి ఎన్ని డైవ్‌లు చేయాలి అన్న విషయాలను ప్రతి కోచ్ శ్రద్ధగానే చెబుతారు. కానీ నీళ్లలోంచి బయటికి వచ్చిన తరువాత రేసు మొదలయ్యే వరకు గడిచే సమయాన్ని పట్టించుకునేవారు తక్కువ. స్విమ్ పార్కా ఆ సమయం కోసమే తయారైన వస్తువు. మోకాళ్ల కిందికి దిగే పొడవు, బయట నీరు ఇంకని నైలాన్, లోపల మందపాటి ఫ్లీస్ (ఉన్నిలా మెత్తగా ఉండే కృత్రిమ బట్ట) అస్తరు, తలను పూర్తిగా కప్పే హుడ్, లోతైన జేబులు దీని సాధారణ స్వరూపం. ఒక పోటీల సీజన్ పొడవునా ఇటువంటి కోటును వాడిన అనుభవంతో నేను చెప్పగలిగేది ఏమిటంటే, వార్మప్‌కూ రేసుకూ మధ్య అరగంట, ముప్పావు గంట ఎదురుచూడవలసి వచ్చే ఈతగాళ్లకు గాగుల్స్ తరువాత ఇంతకంటే ఉపయోగపడే కొనుగోలు మరొకటి లేదు.

దీని విలువ తెలియాలంటే వార్మప్ వల్ల శరీరంలో ఏం జరుగుతుందో కొంత చూడాలి. కదలిక మొదలైన కొద్ది నిమిషాల్లోనే కండరాల ఉష్ణోగ్రత వేగంగా పెరుగుతుంది, పది నుంచి ఇరవై నిమిషాలకు ఒక స్థాయికి చేరి నిలుస్తుంది. కండరం ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే అది చూపగల బలం సుమారు రెండు నుంచి ఐదు శాతం వరకు పెరుగుతుందని వ్యాయామ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. అయితే ఈ వేడి నిలవ ఉండేది కాదు. కదలిక ఆగిన పదిహేను, ఇరవై నిమిషాలకే చెప్పుకోదగినంత తగ్గిపోతుంది. ఈతగాళ్ల విషయంలో ఆ నష్టం మరింత తొందరగా జరుగుతుంది, ఎందుకంటే వారు తడి ఒంటితో గట్టు మీదికి వస్తారు. చర్మం మీద ఆవిరయ్యే ప్రతి గ్రాము నీరూ దాదాపు 2.4 కిలోజౌళ్ల వేడిని తనతో తీసుకుపోతుంది. పైగా పోటీ కొలనులో నీరు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలన్నది అంతర్జాతీయ నియమం. అది శరీర ఉష్ణోగ్రత కంటే చాలా తక్కువ కాబట్టి, తీరిగ్గా ఈదుతూ ఎక్కువసేపు నీళ్లలో ఉండటం కూడా వేడిని కాపాడే మార్గం కాదు.

ఎదురుచూపు వల్ల కలిగే నష్టం ఎంతో ఒక కొలత కూడా ఉంది. 2013లో ప్రచురితమైన ఒక బ్రిటిష్ అధ్యయనంలో ఒకే వార్మప్ చేసిన మేటి ఈతగాళ్లు 45 నిమిషాలు ఆగి ఈదినప్పటి కంటే 20 నిమిషాలు ఆగి ఈదినప్పుడు 200 మీటర్ల ఫ్రీస్టయిల్‌ను దాదాపు ఒకటిన్నర శాతం తక్కువ సమయంలో ముగించారు. రెండు నిమిషాల రేసులో ఇది రెండు సెకన్లకు కాస్త తక్కువ. సెకనులో వందో వంతుతో పతకాలు చేతులు మారే క్రీడలో అది పెద్ద అంతరమే. పెద్ద పోటీల్లో ఈతగాళ్లు రేసుకు చాలా ముందే కాల్ రూమ్‌లో, అంటే రేసుకు పిలిచే వరకు వారిని కూర్చోబెట్టే గదిలో, హాజరు కావాలి. ఒంటికి బిగుతుగా పట్టే రేసు సూట్ వేసుకోవడానికే పది, పదిహేను నిమిషాలు పడుతుంది. కాబట్టి ఆ ఎదురుచూపును తగ్గించుకోవడం చాలాసార్లు ఈతగాడి చేతిలో ఉండదు.

పార్కా పని ఇక్కడే మొదలవుతుంది. ఫ్లాస్కు కాఫీని కాచనట్లే ఈ కోటు కూడా వేడిని పుట్టించదు, ఉన్నదాన్ని నిలుపుతుంది. అందువల్ల దీన్ని ఎప్పుడు, ఎలా వేసుకున్నామన్నదాని మీదే ఫలితం ఆధారపడి ఉంటుంది. నీళ్లలోంచి రాగానే తడి ఒంటి మీద వేసుకుంటే ఫ్లీస్ ఆ నీటినంతా పీల్చుకుని బరువెక్కుతుంది, ఇరవై నిమిషాల తరువాత చల్లని తడిబట్టలా ఒంటికి అంటుకుంటుంది. ముందు తువ్వాలుతో జుట్టుతో సహా పూర్తిగా తుడుచుకుని, తడి వార్మప్ సూట్ విప్పి, పొడి రేసు సూట్ వేసుకుని, ఆపైన పార్కా తొడుక్కుంటే భుజాల్లో, తొడల్లో వెచ్చదనం కాల్ రూమ్ వరకు నిలిచినట్లు స్పష్టంగా తెలుస్తుంది. మామూలు జాకెట్ నడుము దగ్గరే ఆగిపోతుంది. ఈతలో గోడను తన్నేవీ, బ్లాక్ మీది నుంచి ఎగిరేవీ కాళ్లే కాబట్టి తొడలను కప్పే ఈ పొడవు చాలా అవసరమైన గుణం. కాళ్లకు మేజోళ్లు, బూట్లు కూడా ఉండాలి. చలువ నేల మీద ఒట్టి పాదాలతో నిలబడితే కోటు చేసిన మేలు సగం పోతుంది.

లోపాలు లేకపోలేదు. ఇది బరువైన వస్తువు, సంచిలో సగం చోటు ఆక్రమిస్తుంది. ఒకసారి బాగా తడిస్తే ఆరడానికి రాత్రంతా పడుతుంది కాబట్టి, వరుసగా రెండు మూడు రోజులు జరిగే పోటీల్లో ఇది నిజమైన ఇబ్బంది. నేను వాడిన కోటులో జిప్ చివర అస్తరులో ఇరుక్కునేది. రేసుకు పిలుపు వచ్చిన క్షణంలో అది ఎంత కంగారు పెడుతుందో ఈతగాళ్లకు చెప్పనక్కర లేదు. కొనేముందు జిప్‌ను పదిసార్లు లాగి చూడడం మంచిది. చేతులను తల మీదుగా పూర్తిగా తిప్పి చూడడం అంతకంటే ముఖ్యం. చంకల దగ్గర బిగుతుగా ఉండే పార్కా ఎంత వెచ్చగా ఉన్నా పనికిరాదు, ఎందుకంటే కోటు వేసుకుని కదలకుండా కూర్చోవడం సరైన పద్ధతి కాదు.

ఈ చివరి మాటకు ఆధారం ఉంది. విద్యుత్తుతో వేడెక్కే జాకెట్లతో ఈతగాళ్ల మీద జరిగిన ఒక పరిశోధనలో, జాకెట్‌కు తోడు గట్టు మీద చిన్నపాటి వ్యాయామాలు చేసినప్పుడు 100 మీటర్ల సమయం ఒక శాతం లోపు మెరుగుపడింది. 2016 రియో ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై సెమీఫైనల్‌కు ముందు కాల్ రూమ్‌లో దక్షిణాఫ్రికా ఈతగాడు చాద్ లె క్లోస్ గాలిలో గుద్దులు విసురుతూ ఉంటే అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ హుడ్ కప్పుకుని కూర్చున్న దృశ్యం ప్రపంచమంతా చూసింది. ఫైనల్‌లో ఫెల్ప్స్ 0.04 సెకన్ల తేడాతో స్వర్ణం గెలిచారు, లె క్లోస్ నాలుగో స్థానంలో నిలిచారు. దాన్ని బట్టి కదలకుండా కూర్చోవడమే మేలని అనుకోకూడదు. అదే ఫెల్ప్స్ బ్లాక్ మీద చేతులను వెనక్కీ ముందుకీ బలంగా ఊపి వీపు మీద చరుచుకున్న తరువాతే రేసు మొదలుపెట్టేవారు. పార్కా లోపలే భుజాలు తిప్పడం, చిన్న గెంతులు, కొన్ని గుంజీలు చేస్తూ ఉంటే కోటుకు కాపాడవలసిన వేడి కొత్తగా అందుతూ ఉంటుంది. కండరాన్ని నిమిషానికి పైగా సాగదీసి పట్టే స్ట్రెచింగ్ మాత్రం ఆ సమయంలో వద్దు, దాని వల్ల బలం తాత్కాలికంగా తగ్గుతుంది.

50, 100 మీటర్ల రేసుల్లో పాల్గొనేవారికీ, ఒంట్లో కొవ్వు తక్కువగా ఉండి తొందరగా చల్లబడే పిల్లలకూ దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. వార్మప్ అయిన పది నిమిషాలకే రేసు ఉండే చిన్న పోటీలకు మాత్రమే వెళ్లేవారికి మంచి తువ్వాలు, పొడి ట్రాక్‌సూట్ సరిపోతాయి. పిల్లలకు ఒక సైజు పెద్దది తీసుకోవచ్చు కానీ, నడుస్తుంటే అంచు కాలి కింద పడేంత పొడవు తడి నేల మీద ప్రమాదకరం. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడకూడదు, బయటి నైలాన్‌కు నీటిని నిలువరించే గుణం దానితో దెబ్బతింటుంది.