సికింద్రాబాద్‌లో ఒక ఉమ్మడి ప్రింట్ స్టూడియో: ఎనిమిది నెలల సభ్యత్వం తర్వాత

మాసాబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ఎచింగ్ (లోహపు రేకు మీది గీతలను ఆమ్లంతో తొలిచి, వాటిలో సిరా నింపి అచ్చు వేసే కళ) నేర్చుకుని బయటికి వచ్చిన ఏడాదిలోనే నా ప్రింట్‌మేకింగ్ ఆగిపోయింది. రంగులూ కాన్వాసూ ఉంటే చిత్రకారుడు పడకగదిలోనైనా పని చేసుకోగలడు గానీ, లోహపు రేకు మీద గీసిన గీత కాగితం మీదికి రావాలంటే ఇనుప రోలర్ల ప్రెస్ కావాలి, ఆమ్లపు తొట్టి కావాలి, ఆ వాసనను భరించే ఇల్లు కూడా కావాలి. ప్రెస్ లేని ప్రింట్‌మేకర్ మగ్గం లేని నేతగాడితో సమానం. 14 ఏళ్ళు ఒక ప్రకటనల కార్యాలయంలో లేఅవుట్లు చేస్తూ గడిపాక, పాత సహాధ్యాయి ఒకరు చెప్పగా ఈ స్టూడియోలో చేరాను.

దాని పేరు ఇక్కడ రాయడం లేదు. అది ఎనిమిది మందికి మించి పట్టని చోటు. పైగా కింద రాసిన ఫిర్యాదులన్నీ నిర్వాహకుడికి ముఖాముఖి చెప్పినవే కాబట్టి, వాటిని ఊరంతటికీ వినిపించవలసిన పని నాకు కనిపించలేదు. ఒక పాత ఇంటి కింది అంతస్తులో మూడు గదులు: ఒకదానిలో పెద్ద ఎచింగ్ ప్రెస్, రెండవదానిలో బల్లలు, ఆరబెట్టే తీగలు, వెనకవైపు ఆమ్లాల గది. నెలకు 3,000 రూపాయలు, ఆరు నెలలది ముందే కట్టాలి. కాగితం, సిరా, రేకులు ఎవరివి వారివే. వారానికి రెండుసార్లు నాలుగేసి గంటలు ప్రెస్ మన పేరు మీద ఉంటుంది. మిగతా వేళల్లో బల్ల దగ్గర కూర్చుని గీసుకోవచ్చు, రేకు సిద్ధం చేసుకోవచ్చు.

ప్రెస్ విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఒత్తిడి రెండు కొసలా సమానంగా పడుతుందో లేదో చూడడానికి మొదటి రోజున సిరా పూయని రేకును తడి కాగితంతో లాగి చూశాను. రేకు అంచు నాలుగు వైపులా ఒకే లోతున దిగింది. రోలరుకూ కాగితానికీ మధ్య పరిచే ఉన్ని బ్లాంకెట్లను నెలకొకసారి ఉతికించి, జిగురు పట్టి గట్టిపడినదాన్ని మారుస్తున్నారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, బ్లాంకెటు గట్టిపడితే కాగితం గీత లోపలికి దిగక, ఎంత మంచి రేకైనా వెలవెలబోతుంది. నేను చదువుకున్న రోజుల్లో ఈ సంగతి ఎవరూ చెప్పగా వినలేదు.

అయితే నేను డబ్బు కట్టింది ప్రెస్ కోసమే అయినా, నన్ను తిరిగి పనిలో పెట్టింది మాత్రం ప్రెస్ కాదు. రెండవ వారంలో ఒక జింకు రేకు తెచ్చాను. చెరువు గట్టు, తాటిచెట్లు, పైన పల్చటి పగటి ఆకాశం. ఆకాశానికి లేత ఛాయ రావడానికి ఆక్వాటింట్ వేసి, అంటే సన్నటి రాళపొడిని రేకు మీద అద్ది, వేడి చేసి అంటించి, నైట్రిక్ ఆమ్లంలో దించాను. బుడగలను ఈకతో తుడుస్తూ గడియారం చూసుకోవలసిన సమయంలో ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. తిరిగి వచ్చేసరికి ఆకాశం మొత్తాన్ని ఆమ్లం తినేసి ఉంది. ప్రూఫ్, అంటే పరీక్షకు ఒక అచ్చు, తీస్తే బొగ్గులా వచ్చింది. దాన్ని పాత రేకుల డబ్బాలో వేయబోతుంటే, పక్క బల్ల దగ్గరున్న రిటైర్డ్ డ్రాయింగు మాస్టారు చెయ్యి పట్టుకుని ఆపారు. "పారేయకండి బాబూ. నలుపు ఎలాగూ వచ్చేసింది. ఇప్పుడు మీకు వెలుగు ఎక్కడ కావాలో అక్కడ గీకండి" అంటూ తన స్క్రేపరు నా చేతికి ఇచ్చారు. రెండు గంటలు గీకి, బర్నిషరుతో రుద్ది నునుపు చేసి, మళ్ళీ ప్రూఫ్ తీశాం. చెరువు మీద చంద్రుడున్న రాత్రి వచ్చింది. ఆఫీసులో ఇంతటి పొరపాటు జరిగితే కంప్యూటర్ మీద ఒక మీట నొక్కి వెనక్కి వెళ్ళేవాణ్ణి. ఇంత మంచి రాత్రి మాత్రం దొరికేది కాదు.

ఆ ప్రూఫ్ తీగ మీద ఆరుతుండగా, చెక్క దిమ్మెల మీద పని చేసే ఒక యువతి వచ్చి "అన్నా, దీన్ని ఎడిషన్ చేస్తే నాకొకటి ఇవ్వండి, నాది మీకొకటి ఇస్తాను" అంది. ఒకే రేకు నుంచి లెక్కగా తీసే ఒకేలాంటి ప్రతులన్నీ కలిపితే ఎడిషన్. ఆమె మాట నుంచే ఎనిమిది మందిమీ కలిసి ఒక మార్పిడి సంపుటి చేద్దామనుకున్నాం. పద్ధతి సులువు: అందరూ 11 × 15 అంగుళాల కాగితం మీద పదేసి ప్రతులు అచ్చు వేయాలి, ఎనిమిది సెట్లు సభ్యులకు, ఒకటి స్టూడియోకు, ఒకటి బయట చూపించడానికి. గడువు, పక్కవారి పట్ల మొహమాటం, ఈ రెండూ కలిస్తే మనిషి ఎంత పని చేస్తాడో అప్పుడు తెలిసింది. 14 ఏళ్ళలో నేను పూర్తి చేయని ఎడిషన్‌ను ఐదు వారాల్లో సంతకాలతో సహా పూర్తి చేశాను. బయట చూపించిన సెట్టును చూసిన ఒక చిన్న ప్రచురణకర్త నాకు కథల సంపుటి ఒకదానికి ముఖచిత్రం, లోపలి బొమ్మలు వేసే పని ఇచ్చారు. పారితోషికం నా నెల జీతంలో పదో వంతు కూడా కాదు, కానీ చిత్రకారుడి పేరు ఉండవలసిన చోట నా పేరు పడింది.

ఈ రంగంలో ఒంటరిగా ఎదిగినవారు అరుదని చెప్పడానికి మనకు ఇంటి ఉదాహరణే ఉంది. 1925లో చిత్తూరు జిల్లాలో పుట్టి శాంతినికేతన్‌లో చదువుకున్న ప్రింట్‌మేకర్ కృష్ణారెడ్డి గారు, పారిస్‌లో బ్రిటిష్ కళాకారుడు స్టాన్లీ విలియం హేటర్ 1927లో ప్రారంభించిన అటెలియే 17లో పని చేశారు. పికాసో, జోన్ మీరో వంటి చిత్రకారులు కూడా వచ్చి పని చేసిన ఉమ్మడి వర్క్‌షాపు అది. అక్కడే కృష్ణారెడ్డి గారు, బొంబాయి నుంచి వెళ్ళిన కైకో మోతీ, హేటర్‌తో కలిసి ఒకే రేకు మీద పలు రంగులను ఒకేసారి అచ్చు వేసే పద్ధతిని రూపొందించారు. సిరాలో అవిసె నూనె పాళ్ళు మార్చితే, ముందు పూసిన పల్చటి సిరా తర్వాత వచ్చే చిక్కటి సిరాను తన మీద నిలవనివ్వదు. గట్టి రోలరు రేకు పై భాగాన్నే తాకితే, మెత్తటి రోలరు పల్లాల్లోకి దిగుతుంది. మా స్టూడియోలో ఈ పద్ధతికి కావలసిన రెండు రకాల రోలర్లు ఉన్నాయి. ఒకరు సిరా పాళ్ళు చూస్తూ, మరొకరు శుభ్రమైన చేతులతో కాగితం పట్టుకుంటే తప్ప ఇది సాగదు; గురువారం సాయంత్రాలు మాస్టారూ నేనూ జంటగా చేస్తున్నాం, ఇప్పటికి ఎక్కువగా చెడగొడుతూనే ఉన్నాం.

ఇక లోపాలు. ఆదివారం వెళ్ళకపోవడం మంచిది; వర్క్‌షాపుకు వచ్చే కొత్తవారితో బల్లలు నిండిపోయి, నీళ్ళ సింకు దగ్గర వరుస కట్టవలసి వస్తుంది. ముందే కట్టిన చందా మధ్యలో మానేస్తే తిరిగి ఇవ్వరు. ఒక్కరే మౌనంగా పని చేసుకోవాలనుకునేవారికి ఇది తగదు, ఎందుకంటే ప్రూఫ్ తీసిన ప్రతిసారీ కనీసం ఇద్దరు వచ్చి అడగకుండానే అభిప్రాయం చెబుతారు. వీటన్నిటికన్నా పెద్దది ఆమ్లాల గదిలోని గాలి. జింకు, నైట్రిక్ కలిసినప్పుడు వచ్చే పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. అక్కడున్న ఒక్క చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను అందుకు చాలదు. రెండవ విడత చందా కట్టేటప్పుడు ఈ సంగతి మళ్ళీ అడిగితే, వేసవిలోగా పెద్దది పెట్టిస్తానని నిర్వాహకుడు అన్నారు. అంతవరకు జింకును పక్కన పెట్టి, ధర ఎక్కువైనా రాగి రేకులే కొంటున్నాను. వాటిని తొలవడానికి, ఇలాంటి పొగ రాని ఫెర్రిక్ క్లోరైడు ద్రావణం సరిపోతుంది.